ఒకే దారికి నాలుగు అంకెలు: హ్యాండ్‌హెల్డ్ జీపీఎస్ చూపే ఎలివేషన్ గెయిన్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

కొండదారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. గత ఆదివారం మేము నలుగురం ఒక కొండ ఎక్కి, ఎక్కిన దారినే దిగి, బయలుదేరిన చోటికే తిరిగి వచ్చాము. ఇంటికి వచ్చి లెక్కలు చూసుకుంటే ఒకే దారికి నాలుగు వేర్వేరు ఎలివేషన్ గెయిన్‌లు, అంటే మొత్తం ఎక్కిన ఎత్తులు, కనిపించాయి. బారోమీటర్ (గాలి పీడనాన్ని కొలిచే సెన్సర్) లేని నా హ్యాండ్‌హెల్డ్ జీపీఎస్ 1,180 మీటర్లు ఎక్కినట్టు చూపింది. బారోమీటర్ ఉన్న మిత్రుడి పరికరం 905 మీటర్లే అంది. నా ట్రాక్‌నే (పరికరం రాసుకున్న దారినే) ఒక మ్యాపుల వెబ్‌సైట్‌లోకి ఎక్కించి, ఎత్తులను సరిచేసే బటన్ నొక్కితే 1,040 వచ్చింది. చివరికి 20 మీటర్లకొక కాంటూర్ రేఖ (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) ఉన్న కాగితపు మ్యాపును ముందు పెట్టుకుని, దారి ఏ రేఖను ఎక్కడ పైకి దాటిందో పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ లెక్కిస్తే 840 తేలింది.

మీకు ఉపయోగపడవచ్చని మిగతా వివరాలు కూడా రాస్తున్నాను. మ్యాపు ప్రకారం బయలుదేరిన చోటు ఎత్తు 640 మీటర్లు, శిఖరం 1,390 మీటర్లు. ఉదయం తొమ్మిదిన్నరకు నడక మొదలుపెట్టి సాయంత్రం నాలుగింటికి కిందికి చేరాము. మిత్రుడు బయలుదేరే ముందు తన పరికరంలో 640 అని పెట్టి, ఆటో కాలిబ్రేషన్ (ఉపగ్రహాల ఎత్తును బట్టి తనంతట తానే సరిదిద్దుకోవడం) ఆపేశాడు. శిఖరం మీద అది 1,350 చూపింది, తిరిగి వచ్చాక 665 చూపింది, మొత్తం దిగిన ఎత్తు 880 అని చెప్పింది. నా పరికరంలో దిగిన ఎత్తు 1,174, అంటే ఎక్కినదానికి దాదాపు సమానం. ఆకాశం రోజంతా తేటగానే ఉంది. కింద 32 డిగ్రీలు, శిఖరం మీద 25 డిగ్రీల వేడి ఉంది.

ఇది అంకెల మీద మోజుతో అడుగుతున్న ప్రశ్న కాదు. మా బృందంలో అరవై దాటిన వాళ్ళున్నారు. ఏ దారికి ఎంత సేపు పడుతుందో 1892 నాటి నైస్మిత్ సూత్రంతో, అంటే దాదాపు 5 కిలోమీటర్లకు ఒక గంట, ఆ పైన ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట చొప్పున, నేనే అంచనా కట్టి వాళ్ళకు చెబుతాను. 840కీ 1,180కీ మధ్య తేడా ఆ లెక్కలో అరగంట పైమాటే, చీకటి పడే వేళకు దిగాలంటే ఆ అరగంట చాలా ముఖ్యం. వీటిలో సరైన అంకె ఏది? బారోమీటర్ ఉన్న పరికరం కొంటే ఈ సమస్య తీరుతుందా?

నిదానపు నడక

కొండదారి గారూ, మీ నాలుగు అంకెల్లో ఏదీ నేరుగా కొలిచినది కాదన్న సంగతితో మొదలుపెడతాను. పరికరం కొలిచేది ఆ క్షణంలో మీరున్న చోటి ఎత్తును మాత్రమే. ఎలివేషన్ గెయిన్ అనేది ఆ ఎత్తుల వరుసలో పైకి పోయిన తేడాలను మాత్రమే ఏరి, కూడితే వచ్చే మొత్తం. చిక్కంతా ఆ ఏరడంలోనే ఉంది. మామూలు కొలతల్లో పొరపాట్లు ఒకసారి ఎక్కువకు, ఒకసారి తక్కువకు పోయి ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి సగటు తీస్తే నిజానికి దగ్గరవుతాము. ఇక్కడ మాత్రం కిందికి పోయిన పొరపాటును వదిలేసి పైకి పోయినదాన్నే కలుపుకుంటూ పోతాము కాబట్టి అవి కొట్టేసుకోవు, పోగుపడతాయి.

ఒక నిమిషం పాటు చదునైన నేల మీద నడిచారనుకోండి. పది సెకన్లకొకసారి పరికరం రాసిన ఎత్తులు 612, 614, 611, 613, 612, 615, 613 అనుకుందాం. మొదటిదానికీ చివరిదానికీ తేడా ఒక్క మీటరు. కానీ పైకి పోయిన తేడాలను కూడితే 2, 2, 3 కలిసి 7 మీటర్లవుతాయి. అంటే నేల చదునుగా ఉన్నా నిమిషానికి 7 మీటర్లు ఎక్కినట్టు లెక్క తేలుతుంది. దీన్ని అరికట్టడానికి పరికరాల్లోనూ వెబ్‌సైట్‌లలోనూ ఒక కనీస పరిమితి పెడతారు. ఒక ఎత్తును ఆధారంగా పట్టుకుని, దానికంటే కనీసం 5 మీటర్లు, లేదా తయారుచేసినవారు నిర్ణయించిన మరేదైనా మేర, పైకో కిందికో పోయేదాకా ఏమీ లెక్కలోకి తీసుకోరు. పై వరుసకు 5 మీటర్ల పరిమితి పెడితే జవాబు సున్న. అదే వరుసకు 2 మీటర్ల పరిమితి పెడితే సున్న రాదు. ఒకే ట్రాక్‌కు ఒక్కో చోట ఒక్కో అంకె రావడానికి మొదటి కారణం ఇదే. ట్రాక్‌ను దాచే జీపీఎక్స్ ఫైలులో ఉండేది బిందువులు, వాటి ఎత్తులు, సమయాలు. మొత్తాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌కు ఆ సాఫ్ట్‌వేర్ తన పద్ధతిలో మళ్ళీ లెక్కగట్టుకుంటుంది.

ఇక ఉపగ్రహాల ద్వారా వచ్చే ఎత్తు ఎందుకు అంతగా ఊగుతుందో చెబుతాను. మీకు తూర్పునా పడమరనా, ఉత్తరానా దక్షిణానా ఉపగ్రహాలు ఉంటాయి కాబట్టి, అడ్డంగా మీ స్థానాన్ని అవి రెండు వైపుల నుంచీ పట్టి ఉంచగలవు. నిలువు దిశలో ఆ వీలు లేదు. ఉపగ్రహాలన్నీ మీ పైనే ఉంటాయి, కింద ఉన్నవాటిని భూమి కప్పేస్తుంది. పైగా రిసీవర్ గడియారంలోని చిన్న తేడా కూడా ఎత్తులోని తేడాతో కలిసిపోయి, రెండింటినీ విడదీయడం కష్టమవుతుంది. అందుకే ఆకాశం తేటగా కనిపించే చోట అడ్డంగా 5 మీటర్ల లోపే పొరపాటు ఉన్నా, నిలువుగా దానికి ఒకటిన్నర నుంచి మూడు రెట్ల దాకా ఉండటం మామూలే. కొండ గోడల పక్కన సంకేతాలు రాతికి తగిలి చుట్టుతిరిగి వస్తాయి కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువ.

ఇందులో రెండు రకాల ఊగిసలాట ఉందని గమనించాలి. సెకను సెకనుకూ వచ్చే చిన్న వణుకును కనీస పరిమితి ఆపుతుంది. కానీ పది పదిహేను నిమిషాల్లో మెల్లగా 10 మీటర్లు పైకి జరిగి, మళ్ళీ మెల్లగా కిందికి వచ్చే తేడాను ఏ పరిమితీ ఆపలేదు, ఎందుకంటే నిజంగా చిన్న గుట్ట ఎక్కి దిగినా ట్రాక్‌లో అలాగే కనిపిస్తుంది. కదలకుండా కూర్చున్నప్పుడు ఈ రెండో రకం ఎక్కువ నష్టం చేస్తుంది. శిఖరం మీద భోజనం చేస్తున్నంతసేపూ ట్రాక్ రికార్డింగ్ నడుస్తూనే ఉందా? ఉంటే ఆ భాగాన్ని తీసేసి మళ్ళీ లెక్కించి చూడండి.

ఎక్కినదీ దిగినదీ సమానంగా వచ్చాయి కాబట్టి 1,180 సరైనదే కావచ్చని మాత్రం అనుకోవద్దు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. వణుకు వల్ల వచ్చే దొంగ ఎత్తు ఎక్కడంలోనూ దిగడంలోనూ సమానంగానే చేరుతుంది కాబట్టి, రెండూ సరిపోయాయనడం ఆ విషయంలో దేనికీ రుజువు కాదు.

ఎత్తుపల్లం

నాకు తెలిసిన కారణం ఒకటి చెబుతాను. ఉపగ్రహాల లెక్క భూమిని నున్నని దీర్ఘగోళంగా భావించి దాని నుంచి ఎత్తును చెబుతుంది. మ్యాపులు సగటు సముద్ర మట్టం నుంచి చెబుతాయి. ఈ రెండింటికీ మధ్య తేడా హిందూ మహాసముద్రంలో ఒక చోట సుమారు 106 మీటర్లు కిందికి, న్యూగినీ పరిసరాల్లో సుమారు 85 మీటర్లు పైకి ఉంటుంది. మీ అంకెల్లో తేడా దీనివల్ల కూడా కావచ్చు.

మబ్బుల మీద

ఎత్తుపల్లం గారూ, మీరు చెప్పిన తేడా నిజమే, కానీ ఈ ప్రశ్నకు అది వర్తించదు. ఒక రోజులో నడిచే దారి పొడవునా ఆ తేడా దాదాపు ఒకేలా ఉంటుంది. అన్ని ఎత్తులకూ ఒకే అంకె కలిపినా తీసేసినా వాటి మధ్య తేడాలు మారవు కాబట్టి ఎలివేషన్ గెయిన్ కూడా మారదు. పైగా ఈ రోజుల్లో హ్యాండ్‌హెల్డ్‌లు ఆ సవరణ చేశాకే ఎత్తును తెర మీద చూపుతాయి.

కొండదారి గారూ, మీ మిత్రుడి పరికరం గురించి నేను చెబుతాను. ఆయన ఆటో కాలిబ్రేషన్ ఆపేసి మనకు మంచి సమాచారం ఇచ్చారు, ఎందుకంటే ఆ అంకెల్లో ఉపగ్రహాల జోక్యం లేదు, గాలి పీడనం చెప్పినదే ఉంది.

బారోమీటర్ కొలిచేది ఎత్తును కాదు, గాలి బరువును. సముద్ర మట్టం దగ్గర సుమారు 8.3 మీటర్లు ఎక్కితే పీడనం ఒక హెక్టాపాస్కల్ (పీడనానికి కొలమానం) తగ్గుతుంది, 5,500 మీటర్ల ఎత్తున అదే తగ్గుదలకు 15 మీటర్ల దాకా ఎక్కాలి. ఈ పరికరానికి సెన్సర్ వణుకు చాలా తక్కువ కాబట్టి చిన్న చిన్న ఎత్తుపల్లాలను కూడా పట్టుకుంటుంది. అందుకే ఎలివేషన్ గెయిన్ విషయంలో దానిదే పైచేయి. కానీ దానికి తనవైన లోపాలు మూడున్నాయి, మీ వివరాల్లో రెండు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

మొదటిది, మీరు నడుస్తున్నంతసేపట్లో వాతావరణ పీడనమే మారిపోవడం. తిరిగి అదే చోటికి వచ్చాక 640 బదులు 665 చూపిందన్నారు. మీ ఎత్తుల్లో 25 మీటర్లంటే ఇంచుమించు 3 హెక్టాపాస్కల్‌లు. ఆకాశం తేటగా ఉన్నా ఇది జరుగుతుంది. ఉష్ణమండలంలో పీడనం రోజూ ఉదయం పది ప్రాంతంలో ఎక్కువగా, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువగా ఉంటుంది, ఈ రెండింటి మధ్య తేడా 3 హెక్టాపాస్కల్‌ల దాకా ఉండవచ్చు. మీరు నడిచింది సరిగ్గా ఆ వేళల మధ్యనే. ఎక్కిన 905కూ దిగిన 880కీ మధ్య ఉన్న తేడా కూడా ఆ 25 మీటర్లే. పీడనం ఒకే తీరున మెల్లగా తగ్గిందనుకుంటే, తిరిగి అదే చోటికి వచ్చిన నడకలో ఎక్కినదానికీ దిగినదానికీ సగటు తీస్తే ఆ పొరపాటులో చాలా భాగం పోతుంది. సగటు సుమారు 892.

రెండోది ఉష్ణోగ్రత, దీని గురించి ఎంతో కాలంగా నడుస్తున్నవారు కూడా పట్టించుకోరు. పీడనాన్ని ఎత్తుగా మార్చే సూత్రం ఒక ప్రామాణిక వాతావరణాన్ని ఊహించుకుంటుంది. సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీలు, ప్రతి వెయ్యి మీటర్లకూ 6.5 డిగ్రీల చొప్పున తగ్గుదల. ఆ లెక్కన మీ దారి మధ్యన సుమారు 8 డిగ్రీలు ఉండాలి. నిజానికి 28 డిగ్రీలకు పైగా ఉంది. వేడి గాలి పలచబడి ఉంటుంది కాబట్టి, అంతే ఎత్తు ఎక్కినా పీడనం తక్కువగా తగ్గుతుంది, పరికరం తక్కువ ఎక్కినట్టు చెబుతుంది. పది డిగ్రీల తేడాకు సుమారు మూడున్నర శాతం చొప్పున, 20 డిగ్రీలకు 7 శాతం దాకా తగ్గుతుంది. మీ శిఖరాన్నే చూడండి. 750 మీటర్ల నికర ఎత్తులో 7 శాతం తగ్గితే సుమారు 700, దానికి 640 కలిపితే 1,340. మధ్యాహ్నానికి పీడనం కొంత తగ్గి మరో పది మీటర్లు కలిపి ఉంటుంది. పరికరం చూపిన 1,350 అలా వచ్చింది. అంటే పరికరం చెడిపోలేదు, తనకిచ్చిన సూత్రం ప్రకారం సరిగ్గానే పనిచేసింది.

ఇప్పుడు 892ను 0.93తో భాగించండి. సుమారు 950 నుంచి 960 వస్తుంది. మీ దారికి నేను నమ్మే అంకె అదే.

మూడోది గాలి విసురు. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి సూటిగా తగిలితే 0.6 హెక్టాపాస్కల్‌ల ఒత్తిడి పుడుతుంది, అంటే 5 మీటర్ల దాకా తేడా. శిఖరాల మీద ఈదురుగాలి ఉన్నప్పుడు ట్రాక్‌లో రంపపు పళ్ళలా కనిపించేది ఇదే. పరికరాన్ని సంచి పట్టీకి తగిలించి, సెన్సర్ రంధ్రం గాలికి ఎదురుగా లేకుండా చూసుకోవాలి. ఆ రంధ్రంలో చెమట గానీ మట్టి గానీ చేరితే ఎత్తు కాసేపు కదలకుండా నిలబడిపోయి తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. సూదితో పొడవకుండా, గోరువెచ్చని మంచినీళ్ళతో కడిగి ఆరనివ్వాలి.

ఇంకొక మాట. కాలిబ్రేషన్ బయలుదేరే ముందే చేయండి. దారి మధ్యలో ఎత్తు తెలిసిన చోట చేస్తే ఆ ఒక్క దూకుడును కొన్ని పరికరాలు మీరు ఎక్కిన ఎత్తుగానే కలిపేస్తాయి.

పటాల పరిశీలన

వెబ్‌సైట్ ఇచ్చిన 1,040 సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఆ బటన్ నొక్కగానే మీ ట్రాక్‌లోని ఎత్తులన్నీ పోయి, ఒక భూతల నమూనాలో (నేలను గడులుగా విడదీసి ఒక్కో గడికి ఒక ఎత్తు రాసిన పట్టికలో) అక్షాంశ రేఖాంశాలను బట్టి ఉన్న ఎత్తులు వచ్చి చేరుతాయి. ప్రపంచమంతటికీ వాడే నమూనాల్లో చాలావాటికి ఆధారం 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్ష నౌక 11 రోజుల పాటు రాడార్‌తో చేసిన సర్వే. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం నుంచి 56 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాకా నేలను కొలిచిన గొప్ప పని అది, కానీ అందులో ఒక్కో గడి సుమారు 30 మీటర్లు. 35 డిగ్రీల వాలున్న చోట ఒక గడి ఈ చివరికీ ఆ చివరికీ మధ్య నేల 21 మీటర్లు లేస్తుంది.

అలాంటి వాలును అడ్డంగా కోసుకుంటూ పోయే చదునైన కాలిబాటను ఊహించుకోండి. మీ కాళ్ళు ఒకే ఎత్తున నడుస్తుంటాయి. ట్రాక్ మాత్రం ఉపగ్రహాల పొరపాటు వల్ల దారికి అటూ ఇటూ 5 మీటర్లు ఊగుతుంది. నమూనాలో ఆ 5 మీటర్లు అంటే మూడున్నర మీటర్లు పైకో కిందికో. కొండ పక్కగా రెండు కిలోమీటర్లు నడిస్తే ఇలాంటివి ఎన్ని పోగవుతాయో చెప్పనక్కర్లేదు. మరోవైపు, సన్నని శిఖరపు అంచులను ఆ గడులు నున్నగా చేస్తాయి, ఇరుకు లోయలను పూడుస్తాయి, దట్టమైన అడవిలో నేలకు బదులు చెట్ల తలలకు దగ్గరి ఎత్తును ఇస్తాయి. కాబట్టి శిఖరం ఎత్తు తగ్గి, గెయిన్ మాత్రం పెరగడం కూడా జరుగుతుంది. లేజర్‌తో కొలిచిన ఒక మీటరు నమూనాలున్న ప్రాంతాల్లో నేల ఎత్తు చాలా బాగా తెలుస్తుంది, కానీ ట్రాక్ అడ్డంగా ఊగే సమస్య అక్కడ కూడా ఉంటుంది. ట్రాక్‌కు బదులు మ్యాపు మీద దారిని జాగ్రత్తగా గీసి ఆ గీతకు ఎత్తులు తీసుకుంటే ఫలితం మెరుగుపడుతుంది.

మీ పెన్సిలు లెక్కను మాత్రం తక్కువ చేయకండి. 20 మీటర్ల రేఖల మధ్య పడిలేచేవన్నీ అందులో జారిపోతాయి కాబట్టి నిజం మామూలుగా 840 కంటే తగ్గదు. నాలుగింటిలో సుమారు కింది హద్దుగా పట్టుకోదగిన అంకె అదొక్కటే.

కొండదారి

మీరందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు. చెప్పినవన్నీ రెండు రోజులుగా చేసి చూశాను.

నా జీపీఎక్స్ ఫైలును స్ప్రెడ్‌షీట్‌లోకి తీసుకుని ఏ పరిమితీ లేకుండా కూడితే 1,310 వచ్చింది. అంటే తెర మీది 1,180 అప్పటికే ఏదో వడపోత జరిగాక వచ్చినదని అర్థమైంది. శిఖరం మీద భోజనానికి 50 నిమిషాలు కూర్చున్నాము, రికార్డింగ్ ఆపలేదు. ఆ భాగం తీసేస్తే 1,205కు దిగింది. అంటే బండ మీద కూర్చుని తింటూనే నేను నూరు మీటర్ల పైచిలుకు ఎక్కానన్నమాట. తర్వాత 5 మీటర్ల పరిమితి పెడితే 1,015, 10 మీటర్లు పెడితే 930 వచ్చాయి. నిన్న సాయంత్రం పరికరాన్ని మేడ పిట్టగోడ మీద గంటసేపు కదలకుండా పెట్టి చూశాను. మొదలూ చివరా ఎత్తు 3 మీటర్ల తేడాతో ఉంది, కానీ మొత్తం ఎక్కిన ఎత్తు 58 మీటర్లు చూపింది.

ఒక సందేహం మిగిలింది. 10 మీటర్ల పరిమితితో వచ్చిన 930, మబ్బుల మీద గారు చెప్పిన 950కి దగ్గరగా ఉంది. ఇకపై నా పరికరానికి అన్ని దారుల్లోనూ 10 మీటర్లే వాడవచ్చా?

నిదానపు నడక

వద్దండి. ఈ దారిలో ఎక్కుడంతా చాలావరకు ఒకే ఏకధాటి వాలు కాబట్టి 10 మీటర్ల పరిమితి నిజమైన ఎత్తును పెద్దగా తినలేదు. ఆరేడు మీటర్ల చిన్న గుట్టలు వరుసగా వచ్చే దారిలో అదే పరిమితి పెడితే, మీ మోకాళ్ళు ఎక్కిన ప్రతి గుట్టనూ అది లెక్కలోంచి తీసేస్తుంది. పరిమితిని నచ్చిన అంకె వచ్చేదాకా జరపకూడదు. పరికరం వణుకు ఎంతో చూసి, దానికి కాస్త పైన పెట్టాలి. మేడ మీద మీరు చేసిన పరీక్షే అందుకు సరైన దారి. ఆ గంట ఫైలుకు 3, 5, 7, 10 మీటర్లు వరుసగా పెట్టి చూడండి, మొత్తం దాదాపు సున్నకు చేరే మొదటి పరిమితి మీ పరికరానికి తగినది. చెట్ల కింద, కొండ గోడల పక్కన వణుకు పెరుగుతుంది కాబట్టి అలాంటి చోట కూడా ఒకసారి చేయండి.

సరైన అంకె ఏదని మొదట అడిగారు. ఎంత చిన్న ఎత్తును ఎక్కడంగా లెక్కించాలో చెప్పుకోనంతవరకు ఆ ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. తీరరేఖను చిన్న కొలబద్దతో కొలిచేకొద్దీ పొడవు పెరుగుతూనే పోయినట్టు, ప్రతి రాతిమెట్టునూ కలిపితే ఇదీ పెరుగుతూనే ఉంటుంది. సమయం అంచనాకు మాత్రం 5 నుంచి 10 మీటర్ల మధ్య ఏదో ఒకటి పట్టుకుని, అన్ని దారులకూ అదే వాడితే దారికీ దారికీ పోలిక కుదురుతుంది. బారోమీటర్ ఉన్నది కొనడం మీ అవసరానికి మంచిదే, కొన్నాక బయలుదేరిన చోటి ఎత్తునూ తిరిగి వచ్చాక చూపిన ఎత్తునూ ఆ రోజు ఉష్ణోగ్రతనూ రాసుకునే అలవాటు మానకండి.

కొండదారి

అర్థమైంది. మేడ ఫైలుకు మీరు చెప్పినట్టు చేస్తే 7 మీటర్ల దగ్గర మొత్తం దాదాపు సున్నకు వచ్చింది, అదే పెట్టుకుంటున్నాను. ఈ దారికి మా ప్రణాళిక పుస్తకంలో 950 అని రాసి, పక్కన అది ఎలా వచ్చిందో కూడా రాశాను. రానూపోనూ 14 కిలోమీటర్లకు 2 గంటల 48 నిమిషాలు, 950 మీటర్లకు గంటా 35 నిమిషాలు, మొత్తం 4 గంటల 23 నిమిషాలు. మా పెద్దవాళ్ళ నడకకు నేను ఎప్పుడూ దాని మీద మూడో వంతు కలుపుతాను, అప్పుడు 5 గంటల 50 నిమిషాలు అవుతుంది. ఆదివారం భోజనం తీసేస్తే మేము దారిలో గడిపింది 5 గంటల 40 నిమిషాలు.